అప్పిచ్చే సంస్థ ఎవరి పక్షాన ఉన్నట్టు?

బెంగళూరులో ఫ్లాటు కొనే మన తెలుగువారు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు, ఖాతా (నగరపాలక ఆస్తి రికార్డు), వడ్డీ శాతం అన్నీ వాకబు చేస్తారు గాని, అప్పిచ్చే సంస్థలో నిర్ణయాలు ఎవరు, ఎవరి మేలు కోరి తీసుకుంటున్నారో అడిగేవారు అరుదు. మొదట అడగవలసింది అదేనని నా గట్టి నమ్మకం.

ఒంగోలు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా పెద్దమ్మగారి అబ్బాయి వైట్‌ఫీల్డ్ దగ్గర, ఇల్లు చేతికి వచ్చేదాకా వడ్డీ బిల్డరే కడతాడన్న పథకంలో ఫ్లాటు తీసుకున్నాడు. అన్నయ్య లోన్ స్టేట్‌మెంటు చూశాను. నాలుగో స్లాబు పడకముందే అప్పులో ముప్పాతిక వంతు బిల్డరు ఖాతాకు చేరిపోయింది. తరువాత బిల్డరు వడ్డీ ఆపేశాడు, నోటీసు మాత్రం అన్నయ్య పేరనే వచ్చింది. ఇప్పుడు అద్దె, ఈఎంఐ రెండూ ఆయనే కడుతున్నాడు.

ఇలాంటి చోట చూడవలసింది సంస్థ లోపలి పాలననే. ఒకే సంస్థ బిల్డరుకు ప్రాజెక్టు రుణమూ, కొనుగోలుదారులకు గృహరుణమూ ఇచ్చినప్పుడు, కొనుగోలుదారుల పేరిట విడుదలైన సొమ్ముతో బిల్డరు పాత బాకీ తీరే వీలుంది. ఇంజినీరును పంపి పని చూసి రమ్మనవలసిన అధికారికే డబ్బు త్వరగా విడుదల కావడం లాభమైతే, ఆ తనిఖీకి విలువేముంటుంది? యాజమాన్యంతో సంబంధం లేని స్వతంత్ర డైరెక్టర్లు, నష్టభయాలను చూసే రిస్క్ కమిటీ నిలదీయవలసింది ఇక్కడే. నిర్మాణ దశలను బట్టే సొమ్ము విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇలాంటి వడ్డీ పథకాలను మానుకోమని జాతీయ గృహనిర్మాణ బ్యాంకు హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు చెప్పింది 2019 జులైలో. ఈ రెండు ఆదేశాల మధ్య గడిచిన ఆరేళ్లలో ఇరుక్కున్న కుటుంబాల సంగతి తలచుకుంటే బాధ కలుగుతుంది.

అదే ఏడాది నవంబరులో రిజర్వు బ్యాంకు, పాలన లోపాలున్నాయంటూ డీహెచ్ఎఫ్ఎల్ అనే గృహరుణాల కంపెనీ బోర్డును తప్పించి, కంపెనీని దివాలా ప్రక్రియకు పంపింది. ఆ దారిన వెళ్లిన మొదటి ఆర్థిక సేవల సంస్థ అదే. చిన్న పట్టణాలవారికి ఇళ్లప్పులిస్తూ పెరిగిన కంపెనీ అది. అందులో పొదుపు దాచుకున్న డిపాజిటుదారులలో ఎందరికో పూర్తి సొమ్ము తిరిగి రాలేదు. బోర్డు కళ్లు మూసుకుంటే నష్టం వాటాదారులతో ఆగదు.

షేర్ మార్కెట్లో లిస్టయిన సంస్థల వార్షిక నివేదికల్లో ప్రమోటర్ల (సంస్థను నడిపే యజమానుల) సంబంధీకులతో జరిగిన లావాదేవీల వివరాలు ఉంటాయి, బిల్డర్లకిచ్చిన రుణాల వాటా కూడా చాలావాటిలో దొరుకుతుంది. సంతకానికి ముందు ఆ పేజీలు చదవండి. మీ ప్రాజెక్టు బిల్డరుకూ అదే సంస్థ అప్పిచ్చిందా అని మేనేజరును రాతపూర్వకంగా అడగండి.