ముడిపడ్డ తీగలోంచి వచ్చిన రాకబిలీ

రాకబిలీ అంటే కంట్రీ, బ్లూస్ కలిసిన తొలినాటి రాక్ అండ్ రోల్. ఆ బాణీ అమెరికన్ గాయకుడు కార్ల్ పెర్కిన్స్ గిటార్ వింటున్నప్పుడల్లా తీగల మీది ముడులే గుర్తొస్తాయి. 1932లో టెనెసీలోని టిప్టన్‌విల్ దగ్గర, పంటలో వాటాకు పత్తి సాగుచేసే ఇంట్లో పుట్టాడు. నాన్న బక్ చేసిచ్చిన మొదటి గిటారుకి సిగార్ పెట్టే ఒళ్లు, చీపురు కర్రే మెడ. పాఠాలు మాత్రం పత్తి చేలో పనిచేసే నల్లజాతి పెద్దాయన జాన్ వెస్ట్‌బ్రూక్ దగ్గర.

తీగ తెగితే కొత్తది కొనే స్తోమత లేదు. తెగిన కొసలు కలిపి ముడేసేవాడు. ఇక్కడే చిక్కు. వేలు తీగ మీద జారిస్తే ముడి దగ్గర ఆగుతుంది, చర్మం కోసుకుంటుంది. అందుకని ముడికి ఇవతలే తీగను నొక్కి పట్టి పక్కకు లాగేవాడు. బిగువు పెరిగి స్వరం పైకి లేస్తుంది. రెండు ఫ్రెట్లు (మెడ మీది అడ్డ మెట్లు) పైకి జరిగితే పలికే స్వరం ఉన్నచోటే పలుకుతుంది. సన్న తీగలైతే ఇది తేలిక. పైన మరో తీగ చుట్టిన లావు తీగలు అంత సులువుగా లొంగవు. (ముడి బిగుసుకునేదాకా శ్రుతి దిగిపోతూనే ఉంటుంది, అది వేరే బాధ.)

బ్యాండూ ఇంటిదే. అన్న జే రిథమ్ గిటార్, తమ్ముడు క్లేటన్ నిలువు బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద మంద్ర వాద్యం). క్లేటన్ తీగను గుంజి వదిలితే అది బేస్ మెడ పలక మీద ఠప్పున కొట్టేది, సగం డ్రమ్ము పని అక్కడే అయిపోయేది. డ్రమ్స్‌కి డబ్ల్యూ.ఎస్. హాలండ్.

పెర్కిన్స్ పాట ‘బ్లూ స్వేడ్ షూస్’ 1955 డిసెంబరులో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో రికార్డయింది. 1956 మార్చి 22న, న్యూయార్క్‌లో టీవీ షోకి బ్యాండు వెళ్తుంటే డెలావేర్‌లో కారు ప్రమాదం జరిగింది. జే 1958లో పోయాడు.