పెళ్లి బ్యాగులో ఏవి రెండు, ఏవి ఒకటి

శుభలేఖలో ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకి అని వేస్తే సరిగ్గా ఆ టైంకే వధూవరులు ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెడతారు. "ఒక్క నిమిషం పంతులుగారూ, బ్యాటరీ మార్చుకుంటాను" అంటే ఆయన ఆగరు, ఆగకూడదు కూడా. రిసెప్షన్ ఫొటో సరిగ్గా రాకపోతే మళ్లీ నిలబెట్టి తీసుకోవచ్చు, బిందెలో ఉంగరం ఆట అయితే మనం అడిగితే నవ్వుతూ ఇంకోసారి ఆడతారు. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, ఈ మూడూ మళ్లీ జరగవు.

మన కోనసీమ వైపు కొత్తగా పెళ్లి ఫొటోలు తీసే పనిలోకి వచ్చిన కుర్రాళ్లు అడిగేది ఒకటే, "అన్నా, ఏ లెన్స్ కొనమంటావు?" లెన్స్ సంగతి తర్వాత. ముందు బ్యాగు సర్దడం నేర్చుకోండి. నా లెక్క చాలా సింపుల్. ఆ మూడింటప్పుడు చేతిలో ఉండే ప్రతి వస్తువూ రెండు ఉండాలి. మిగతావి ఒకటి చాలు, కొన్ని ఇంట్లో వదిలేసి వచ్చినా ఎవరూ అడగరు.

కాబట్టి కెమెరా బాడీలు, అంటే లెన్స్ తీసేసిన కెమెరాలు, రెండు. కొనే స్తోమత లేకపోతే రెండోది అద్దెకి తెచ్చుకోండి, భీమవరం, రాజమండ్రి, కాకినాడ ఎక్కడైనా దొరుకుతాయి. ఒకటి పాడైతే ఇంకొకటి ఉంటుందని అందరూ చెప్పేదే. మన దగ్గర దానికి ఇంకో కారణం కూడా ఉంది, తేమ. ఇప్పుడు పల్లెటూళ్లలో కూడా పెళ్లికూతుర్ని ముస్తాబు చేసే గదిలో ఏసీ ఉంటోంది, మేకప్ కరిగిపోతుందని దాన్ని 18లో పెట్టేస్తారు. ఆ గదిలో గంటసేపు జడ, వంకీలు, బుగ్గచుక్క అన్నీ తీస్తూ కూర్చుంటాం. ఈలోపు మేనమామలు వచ్చి అమ్మాయిని గంపలో కూర్చోబెట్టి ఎత్తుకుంటారు, మనం వాళ్లకంటే ముందు పరిగెత్తి వెనక్కి తిరిగి కెమెరా కంటికి పెట్టుకుంటే అంతా తెలుపు. లెన్స్ మీద ఆవిరి కమ్మేసి ఉంటుంది. వైశాఖంలో మన డెల్టా గాలి అర్ధరాత్రి కూడా తడిగానే ఉంటుంది కదా, చల్లబడ్డ అద్దానికి ఆ గాలి తగలగానే అందులోని తేమ నీళ్లయి పేరుకుంటుంది. తుడిస్తే మళ్లీ పడుతుంది. మళ్లీ తుడిచేసరికి గంప మండపం ఎక్కేసి ఉంటుంది. అద్దం బయటి గాలంత వేడెక్కేదాకా ఇదే వరస, పెద్ద లెన్సుకి అది పావుగంట పైనే పట్టొచ్చు.

దీనికి మందు ఏంటంటే, రెండు బాడీల్లో ఒకటి అసలు ఏసీ గది గుమ్మం తొక్కకూడదు. అది అసిస్టెంటు మెడలోనో, పందిట్లో మనవాళ్ల దగ్గరో బయటే ఉండాలి. గంప బయల్దేరగానే లోపలి కెమెరా అక్కడే వదిలేసి బయటిది అందుకోండి. ఒక్కటే బాడీతో వెళ్లాల్సి వస్తే, గదిలోంచి బయటకి వచ్చే ముందే కెమెరాని లెన్సుతో సహా జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి గాలి తీసేసి మూసేయండి. ఆవిరి కవర్ మీద పడుతుంది, లోపల కెమెరా నిదానంగా వేడెక్కుతుంది. కాకపోతే దీనికి ముహూర్తానికి అరగంట ముందే గది వదిలి రావాలి, పెళ్లికూతురు పిన్నిగారు "ఇంకొక్క ఫొటో అండీ" అంటారు, ఆవిడతో గొడవ పడకండి, నవ్వి వచ్చేయండి. జిప్ కవర్లు ఓ నాలుగు ఎప్పుడూ బ్యాగు అడుగున పడి ఉండనివ్వండి.

కార్డుల గురించి ఎంత చెప్పినా తక్కువే. రెండు కార్డు స్లాట్లున్న బాడీ అయితే రెండింటిలోనూ ఒకే ఫొటో పడేలా పెట్టండి. మొదటిది నిండాక రెండోది మొదలయ్యే సెట్టింగు పెళ్లికి పనికిరాదు. 24 మెగాపిక్సెల్ కెమెరాలో కంప్రెస్ చేసిన రా ఫైలు, అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలు, సుమారు 25 ఎంబీ అనుకోండి, స్నాతకం నుంచి అప్పగింతల దాకా 3,000 క్లిక్కులు కొడితే 75 జీబీ. ఒకటే 256 జీబీ కార్డు పెట్టుకుని హాయిగా ఉందామనిపిస్తుంది, కానీ నేను 64 జీబీవే ఎక్కువ పట్టుకెళ్తాను, ఒకటి పోతే పెళ్లి మొత్తం పోకుండా ఉంటుందని. ముహూర్తానికి ముందు, సగం ఖాళీగా ఉన్నా సరే, కొత్త కార్డు వేయండి. తీసినవి చొక్కా లోపలి జేబులోకి వెళ్లాలి. విడిది గదిలో బ్యాగు మీద పిల్లలు పడుకుంటారు, ఎవరి బ్యాగు ఎవరు ఎటు జరిపారో తెల్లారితే గానీ తెలీదు.

ఫ్లాషులు రెండు, వాటిని దూరం నుంచి వెలిగించే ట్రిగ్గర్లు రెండు, వాటికి రీచార్జి సెల్స్ మూడు సెట్లు. కొబ్బరాకుల పందిట్లో ఫ్లాష్ పైకి తిప్పితే వెలుగు ఆకుల్లోకి పోతుంది, ఏమీ తిరిగి రాదు. తెల్ల గుడ్డ కట్టిన షామియానా అయితే అదృష్టం, మెత్తటి వెలుగు పడుతుంది. పసుపు, గులాబీ రంగు గుడ్డలు కడితే మాత్రం పైకి కొట్టకండి, పెళ్లికొడుకు మొహం ఆ రంగులోకి తిరిగిపోతుంది. అలాంటి చోటకి ఒక స్టాండూ, ఫ్లాష్ వెలుగుని మెత్తబరిచే ఒక చిన్న సాఫ్ట్‌బాక్సూ, దాన్ని పట్టుకోవడానికి ఒక పొడుగాటి కుర్రాడూ కావాలి. స్టాండు కంటే కుర్రాడే నయం, జనం తోసుకొచ్చినప్పుడు స్టాండు పడిపోతుంది, వాడు పడడు.

ఎల్‌ఈడీ లైట్ల సంగతి కూడా చూడాలి. మండపం వెనక సీరియల్ లైట్లు, పక్కన ఎల్‌ఈడీ స్క్రీనులో లైవ్, వీడియోవాళ్ల లైటు ఇంకోటి. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుమంటాయి, కంటికి తెలీదు గానీ ఫొటోలో అడ్డంగా చారలు వచ్చేస్తాయి. షట్టర్ సెకనులో 1/100 దగ్గర పెడితే చాలావరకు పోతాయి, కెమెరాలో ఈ మినుకుని తప్పించే యాంటీ ఫ్లికర్ సెట్టింగు ఉంటే ఆన్ చేయండి. ఎల్‌ఈడీ స్క్రీన్ల లెక్క వేరే, వాటికి దేనికి దాన్ని అక్కడికక్కడ షట్టర్ అటూ ఇటూ మార్చి చూసుకోవాల్సిందే, అందుకే సాయంత్రం లైట్లు వేయగానే వెళ్లి రెండు టెస్టు షాట్లు కొట్టుకోండి. సంగీత్‌లో డీజేవాడు లేజర్ తిప్పుతుంటే కెమెరా అటు పెట్టొద్దు. లేజర్ నేరుగా పడితే సెన్సర్ మీద శాశ్వతంగా చుక్కలూ గీతలూ మిగిలిపోతాయి, వారంటీలో కూడా రాదు.

ఇప్పుడు లెన్సులు. ముందు అంకె మిల్లీమీటర్లు, అది ఎంత పెద్దదైతే దూరానివి అంత దగ్గరగా వస్తాయి; ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు లోపలికి వస్తుంది. 24-70 ఎఫ్ 2.8 ఒకటి, 85 ఎఫ్ 1.8 ఒకటి, ఈ రెండిటితో పల్లెటూరి వాకిట్లో పెళ్లి మొత్తం తీయొచ్చు. 35 ఉంటే ఇరుకు గదిలో బాగుంటుంది. 70-200 బరువు, చిన్న వాకిట్లో దాంతో వెనక్కి జరిగితే గోడ తగులుతుంది. అయినా నేను మోసుకెళ్తాను, అప్పగింతల కోసం. అమ్మాయి చేతిని పాలలో ముంచి అత్తగారి చేతిలో పెట్టేటప్పుడు ఆ తండ్రి మొహం మీదకి 24-70 పట్టుకుని మీదమీదకి వెళ్తే ఆయన సర్దుకుని నిలబడిపోతాడు, ఏడుపు ఆపుకుంటాడు. దూరం నుంచి తీయండి, ఆయన్ని ఏడవనివ్వండి. చిన్న వస్తువుల్ని మరీ దగ్గర్నుంచి తీసే మాక్రో లెన్స్ ఇంట్లో వదిలేయండి. మంగళసూత్రాలు, ఉంగరాలు తీయడానికి లెన్సుకీ బాడీకీ మధ్య బిగించే ఎక్స్‌టెన్షన్ ట్యూబు చాలు, జేబులో పడుతుంది.

తలంబ్రాల ముందు లెన్స్ మూతి చుట్టూ బిగించే గొట్టం, హుడ్, తప్పకుండా బిగించండి. ఒకప్పుడు పసుపు బియ్యం ఒక్కటే, ఇప్పుడు అందులో రంగురంగుల థర్మకోల్ పూసలు, మెరుపు ముక్కలు కలిపేస్తున్నారు. ఆ థర్మకోల్ పూస లెన్స్ అద్దానికి అతుక్కుంటే ఊదినా పోదు, వేలితో తీయబోతే పసుపు అంటుకుంటుంది. ముందు బ్లోయరు, తర్వాత బ్రష్షు, చివరికి గుడ్డ, ఈ వరసలోనే. మెత్తటి గుడ్డలు మూడు నాలుగు ఉండాలి, ఎందుకంటే ఒకటి ఎలాగూ పులిహోర చేత్తో ఎవరో పట్టుకుంటారు.

కరెంటు ప్లగ్గు కోసం కొట్లాట ఎప్పుడూ ఉండేదే. మండపం దగ్గరున్న ఒక్క బోర్డుకీ సన్నాయివాళ్ల మైకు, పంతులుగారి మైకు, లైవ్ ఇచ్చేవాళ్ల ల్యాప్‌టాప్, పెళ్లికొడుకు ఫ్రెండ్స్ ఫోన్లు తగులుకుని ఉంటాయి. పొడుగు వైరున్న జంక్షన్ బాక్సు మీదే తెచ్చుకోండి, మీ పేరు రాసి పెట్టుకోండి, వైరు మీద క్లాత్ టేపు అంటించండి, లేకపోతే ఎవరి పట్టుచీరో దానికి తగులుకుంటుంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు కాసేపు చీకటే, ఆ టైంలో వెతుక్కోవడానికి తలకి కట్టుకునే టార్చి ఉండాలి. నిండు బ్యాటరీలు కుడి జేబు, అయిపోయినవి ఎడమ జేబు, ఇది ఏ పెళ్లిలోనూ మార్చకండి, రాత్రి రెండింటికి బుర్ర పనిచేయదు.

మడత పెట్టే రెండు మెట్ల స్టూలు ఒకటి కొనుక్కోండి. జీలకర్ర బెల్లం టైంకి అక్షింతలు వేయడానికి లేచిన చేతులు, ఫోన్లు పట్టుకున్న చేతులు, అడ్డుతెర పట్టుకున్నవాళ్ల భుజాలు, ఇన్నిటి మధ్య కింద నిలబడి ఏం తీస్తారు? వాళ్లిచ్చే ప్లాస్టిక్ కుర్చీ ఎక్కొద్దు, వాకిట్లో కళ్లాపి తడికి దాని కాలు జారుతుంది.

శ్రావణంలో పెళ్లయితే లెక్కలు మారిపోతాయి. గోదారికి వరద టైం అది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక ఇస్తారు, ఆ మాట టీవీలో వినపడితే లంక గ్రామంలో పెళ్లి ఒప్పుకున్నవాళ్లు వెంటనే పెళ్లివారికి ఫోన్ చేయాలి. కాజ్‌వే మునిగితే పడవే దిక్కు. పడవలో మామూలు కెమెరా బ్యాగు పనికిరాదు, మూతి చుట్టేసి క్లిప్పు పెట్టే వాటర్‌ప్రూఫ్ సంచి ఉంటుంది, కెమెరా బ్యాగుని అలాగే అందులో దించేయండి. వరద లేకపోయినా నర్సాపురం నుంచి సఖినేటిపల్లికి పంటు మీద, అంటే బండ్లు కూడా ఎక్కే పెద్ద పడవ మీద, పోదాం, దగ్గర కదా అనుకోకండి, పంటుని నమ్ముకుంటే టైం మన చేతిలో ఉండదు. ముహూర్తం ఉన్న రోజు నేనైతే చుట్టూ తిరిగి చించినాడ బ్రిడ్జి మీదుగానే పోతాను. పంటు మీద ఫొటోలు కావాలంటే పెళ్లయ్యాక జంటని తీసుకెళ్లండి, అక్కడ వెలుతురు అద్భుతంగా ఉంటుంది.

డ్రోన్ గురించి పెద్దగా చెప్పను. 250 గ్రాముల లోపుది చాలు, రిజిస్ట్రేషన్ నిబంధనలు ముందే కనుక్కోండి. ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ మ్యాపులో ఆ చోటు ఏ రంగులో ఉందో చూసుకోండి, రాజమండ్రి దగ్గరి మధురపూడి ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మరీను. కొబ్బరితోటలో నిట్టనిలువుగా పైకి లేపండి, మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక మట్టలు ఎటు ఊగుతాయో చెప్పలేం. జనం నెత్తి మీద మాత్రం ఎగరేయకండి.

ఇవి కాక ఒక కాగితం. దాని మీద పెళ్లి తంతు వరస, రెండు వైపులా ముఖ్యమైన చుట్టాల పేర్లు. కులాన్ని బట్టి, ఇంటి ఆచారాన్ని బట్టి వరస మారుతుంది, గౌరీపూజ ఎప్పుడు, కాశీయాత్ర ఉందా లేదా అన్నది ముందురోజే పంతులుగారికి ఫోన్ చేసి కనుక్కోండి. ఆయనతో సఖ్యత రెండు లెన్సుల పెట్టు. ఎటువైపు నిలబడితే పొగ రాదో, తాళి ఎటు తిరిగి కట్టిస్తారో ముందే చెప్తారు. అలాగే ఆడపెళ్లివారి నుంచి ఒక మేనమామని, మగపెళ్లివారి నుంచి ఒక బాబాయిని పట్టుకుని నెంబర్లు రాసుకోండి, గ్రూపు ఫొటోలకి జనాన్ని పిలవడం మన వల్ల అయ్యే పని కాదు.

బట్టల విషయంలో ఒక్క మాట. మండపం ఎక్కేటప్పుడు చెప్పులు విప్పాలి, సాక్సుతో గ్రానైట్ మీద జారతారు, కాబట్టి తేలిగ్గా విప్పే చెప్పులే. మార్చుకోవడానికి ఒక చొక్కా, ఒక తుండుగుడ్డ. మనవైపు "భోంచేశారా బాబూ" అని పది మంది అడుగుతారు, అడిగిన మొదటిసారే వెళ్లి తినేయండి, తర్వాత తిందామంటే ఆఖరి బంతికి పెరుగన్నమే మిగులుతుంది.

ఇంటికి రాగానే, నిద్ర ఎంత ముంచుకొస్తున్నా, కార్డులు రెండు హార్డ్ డిస్కుల్లోకి కాపీ పెట్టి పడుకోండి. లేచాక రెండూ తెరిచి చూసి, అప్పుడు గానీ ఫార్మాట్ చేయొద్దు. కెమెరా బ్యాగు మొత్తం ఖాళీ చేసి నీడలో ఆరబెట్టండి, చెమటకీ రాత్రి తేమకీ లోపలి స్పాంజి తడిసే ఉంటుంది, అందులోనే వారం ఉంచితే లెన్సులో ఫంగస్ మొదలవుతుంది. అంతర్వేది బీచ్‌లో ప్రీ వెడ్డింగ్ చేసి వచ్చినప్పుడైతే ముందు కొంచెం తడిపిన గుడ్డతో బాడీ మీది ఉప్పు తుడవాలి, తర్వాత పొడి గుడ్డ. డ్రై క్యాబినెట్ ఉంటే తేమ 40 నుంచి 50 శాతం మధ్య పెట్టుకోండి. లేకపోతే గట్టి మూత ఉన్న డబ్బా, అందులో సిలికా జెల్. బియ్యంలో పెట్టమని చెప్పేవాళ్ల మాట వినొద్దు, లెన్సులోకి తవుడు దుమ్ము చేరుతుంది. సిలికా జెల్ గుళికలు రంగు మారితే సన్నటి సెగ మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు, కాకపోతే దానికి పాత పెనం ఒకటి విడిగా పెట్టుకోండి, అట్లు పోసుకునేది మాత్రం వద్దు.