మేడ మీద మేడ: కంపెనీకి అడ్వాన్సు ఇచ్చేముందు పునాది చూడండి

గుంటూరులో ఏ వీధికి వెళ్లినా డాబా మీద పిల్లర్ రాడ్లు పైకి లేచి ఉన్న ఇళ్లు కనిపిస్తాయి. ఎప్పటికైనా పైన వేసుకోవచ్చని వదిలినవే. ప్లానూ కట్టుబడీ రెండూ తామే చూసుకుంటామనే కంపెనీ మనిషి వచ్చి, ఆ రాడ్లు చూసి, టేపు పట్టి, చదరపు అడుగుకు ఇంత అని చెప్తాడు. పాత పునాది ఎంత బరువుకు వేశారో తేలకుండా చెప్పే ఆ రేటును నమ్మి అడ్వాన్సు ఇవ్వకండి.

ముందు మూల పిల్లర్ దగ్గర ఒకటి, మధ్య పిల్లర్ దగ్గర ఒకటి గోతులు తీయించాలి. ఫుటింగ్ (పిల్లర్ అడుగున బరువును మట్టికి పంచే కాంక్రీటు దిమ్మె) కొలత, లోతు, అది ఏ మట్టి మీద కూర్చుందో చూడాలి. మధ్య పిల్లర్‌కు నాలుగు వైపుల బరువూ వస్తుంది కాబట్టి దాన్ని వదలకూడదు. మన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. పైపైనే ఆగిన ఫుటింగ్ దాంతోపాటే కదులుతుంది. గోడల్లో ఇటుక వరసల వెంట మెట్లుమెట్లుగా పగుళ్లు ఉంటే, వాటి సంగతి తేలేదాకా పై అంతస్తు మాట ఆపండి. అసలు పిల్లర్లే లేకుండా గోడల మీద స్లాబ్ వేసిన పాత ఇళ్లకు లెక్క పూర్తిగా వేరు.

ఇవన్నీ చూసే స్ట్రక్చరల్ ఇంజినీర్ ఆ కంపెనీ మనిషి కాకూడదు. గీసేదీ కట్టేదీ ఒకరే అయినప్పుడు తప్పు పట్టేవాళ్లుండరు. ఆయనకు ఫీజు మీరే విడిగా ఇవ్వండి. గోతుల దగ్గర, రాడ్లు కట్టాక, స్లాబ్ పోసే రోజు తప్పకుండా పిలవండి.

వదిలిన రాడ్ల విషయంలోనే ఎక్కువ మోసపోతాం. 16 మి.మీ. రాడ్ మీటరుకు 1.58 కిలోలు తూగాలి. తుప్పు పొరలుగా రాలి సన్నబడితే వైరు బ్రష్‌తో రుద్ది సరిపెట్టకూడదు. అతుకు పొడవూ, అంటే పాత రాడ్‌కు కొత్త రాడ్ పక్కపక్కన కలిసే పొడవూ ముఖ్యమే. ఎం20 రకం కాంక్రీటులో 16 మి.మీ. ఎఫ్ఈ500 రకం స్టీలు రాడ్‌కు, లాగుడు పడేచోట, అతుకు దాదాపు 900 మి.మీ. కావాలి. అంటే మూడడుగులు. చాలా ఇళ్లలో అడుగున్నరకు మించి వదలరు. అలాంటప్పుడు పిల్లర్ తల పగలగొట్టి మంచి రాడ్ బయటికి తీయాలా, రంధ్రాలు వేసి ఎపాక్సీ జిగురుతో కొత్తవి నాటాలా అన్నది ఇంజినీరే రాసివ్వాలి, మేస్త్రి నోటిమాట చాలదు.

పైన కాకుండా పక్కన గది కలుపుతుంటే, కొత్త గోడను పాతదానికి కట్టేయకండి. కొత్త పునాది ఎంతో కొంత కూర్చుంటుంది, అతుకు దగ్గర చీలిక తప్పదు. మధ్యలో 25 మి.మీ. సందు వదిలి, వాన దిగకుండా పైన మూయించండి.

అగ్రిమెంటులో బాల్కనీ, మెట్లు, సన్‌షేడ్ విస్తీర్ణంలోకి ఎంత వస్తాయో రాయించుకోండి. తగాదాలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. 1000 చదరపు అడుగుల స్లాబ్ 5 అంగుళాల మందమైతే దాదాపు 11.8 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 8 బస్తాల సిమెంటు లెక్కన బీములు కాక 95 బస్తాలు. పోసే రోజు ఖాళీ సంచులు లెక్కపెట్టండి. బస్తాకు 27 లీటర్లు దాటి నీళ్లు పోస్తే కాంక్రీటు జారుతుంది కానీ గట్టిపడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. అప్పుడే ఆ కాంక్రీటుతో 150 మి.మీ. క్యూబులు (నమూనా దిమ్మెలు) పోయించి, 28 రోజులకు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి.

సెంట్రింగ్ సామాను ఇంకో సైటుకు కావాలని తొందరపెడతారు. మామూలు ఓపీసీ సిమెంటైతే 4.5 మీటర్ల లోపు స్లాబ్‌కు పోట్లు (కింద నిలబెట్టే ఆసరాలు) కనీసం 7 రోజులు, 6 మీటర్ల లోపు బీములకు 14 రోజులు ఉండాలి. మనం వాడే పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటుకు పోట్లు అంతకన్నా ఎక్కువ రోజులు ఉంచాలి, నీళ్లు పెట్టి తడి ఆరకుండా కనీసం 10 రోజులు చూడాలి.

డబ్బు పని జరిగాకే దశలవారీగా ఇవ్వండి. చివరి 5 శాతం ఒక వానాకాలం గడిచి, మెట్ల గది కప్పు, బాత్రూమ్ మూలలు, పాత కొత్త గోడల అతుకు తడి పట్టలేదని చూశాకే చెల్లించేలా ఒప్పందంలోనే రాయించండి.