నా స్నేహితురాలి సిద్ధాంత గ్రంథాన్ని మేమందరం చదివాం

నా స్నేహితురాలు పీహెచ్‌డీ పూర్తి చేసింది. ఇంత చిన్న వాక్యాన్ని నిశ్చయంగా రాయగలగడానికి మేము చాలాకాలం ఆగవలసి వచ్చింది, ఎందుకంటే ఫలానా రోజున పూర్తయిందని వేలు పెట్టి చూపించడానికి వీలున్న చదువు కాదిది. మిగతా చదువులకు ఫలితాలు వెలువడే రోజంటూ ఒకటి ఉంటుంది, ఆ రోజున ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. పరిశోధన అలా ముగియదు. సినాప్సిస్ ఇచ్చిన రోజున థీసిస్ రాయడం మిగిలి ఉంటుంది. థీసిస్ సమర్పించిన రోజున పరీక్షకుల నివేదికలు రావలసి ఉంటాయి. అవి వచ్చాక వైవా, అంటే మౌఖిక పరీక్ష, తేదీ కుదరాలి. వైవా గడిచాక సూచించిన సవరణలు చేయాలి. వాటిని ఆమోదించాక విశ్వవిద్యాలయం ఉత్తర్వు ఇవ్వాలి. ఆ తరువాత ఎప్పటికో స్నాతకోత్సవం జరగాలి. ప్రతి మెట్టు దగ్గరా అభినందించబోయినవారికి "ఇంకా కాలేదు" అన్న జవాబే ఎదురవుతుంది. ఆమె కూడా ప్రతిసారీ మాకు అదే చెప్పింది.

ఎందరో పరిశోధకుల విషయంలో ఈ "ఇంకా కాలేదు" అన్న మాట ఒకరోజు ఉన్నట్టుండి "అదెప్పుడో అయిపోయింది కదా" అన్న మాటగా మారిపోవడం, ఆ రెండింటి మధ్య ఉండవలసిన సంబరం ఎవరికీ దక్కకుండా పోవడం నేను చూశాను. అందుకే ఆ రోజు ఏదో నిర్ణయించే పని పరిశోధకులకు వదిలిపెట్టకూడదనీ, స్నేహితులే పూనుకొని ఒక తేదీని ఖాయం చేయాలనీ నా గట్టి అభిప్రాయం. మేము వైవా రోజును ఎంచుకున్నాం. పట్టా చేతికి వచ్చే రోజుకన్నా అదే సరైనదని నాకు అనిపించింది. ఆరేళ్లు చేసిన పనికి ఆమె నలుగురి ముందూ నిలబడి తన నోటితో సమాధానం చెప్పుకునే రోజు అది.

ఎలా జరుపుకోవాలన్న ప్రశ్నకు మాలో ఒకరు చెప్పిన ఉపాయం అందరికీ నచ్చింది. థీసిస్ ప్రతిని ముందుగానే ఆమె దగ్గర తీసుకొని, తలా ఒక అధ్యాయం పంచుకొని చదవాలి. వైవా ముగిసిన సాయంత్రం కలుసుకున్నప్పుడు ఎవరి అధ్యాయం గురించి వారు మాట్లాడాలి, అర్థం కానిది ఆమెనే అడగాలి. మాలో ఒక న్యాయవాది, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక భాషా ఉపాధ్యాయురాలు ఉన్నారు. విజ్ఞానశాస్త్రం చదివినవారు తక్కువ. ఆమె మొదట ఎంతో మొహమాటపడింది, వద్దని వారించింది కూడా. అయినా మేము పట్టు వదలలేదు. ఇంత శ్రమతో రాసి ఇంత తక్కువమంది చేత చదివించుకునే పుస్తకం థీసిస్‌ లాంటిది మరొకటి ఉండదేమో. పర్యవేక్షకులూ పరీక్షకులూ చదివిన తరువాత అది గ్రంథాలయపు అరలోకి చేరుతుంది. దాన్ని ఇష్టంతో చదవడంకన్నా మంచి కానుక మాకు తోచలేదు.

ఆమె పరిశోధించింది పప్పుజాతి మొక్కల వేరు బుడిపెల గురించి. మన చుట్టూ ఉన్న గాలిలో సుమారు 78 శాతం నత్రజనే అయినా ఏ మొక్కా దాన్ని నేరుగా వాడుకోలేదు. పప్పుజాతి మొక్కలు మాత్రం రైజోబియం వంటి బాక్టీరియాకు తమ వేర్లలో చోటిచ్చి, చక్కెరల నుంచి వచ్చిన ఆహారం పెట్టి, బదులుగా ఆ నత్రజనిని అమ్మోనియా రూపంలో పుచ్చుకుంటాయి. ఈ బుడిపెలకూ గాలిలోని నత్రజనికీ ఉన్న సంబంధాన్ని 1886లో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. రెండేళ్లకు డచ్ శాస్త్రవేత్త బైయరింక్ ఆ బాక్టీరియాను వేరుచేసి పెంచారు. ఈ పని చేసే నైట్రోజనేజ్ అనే ఎంజైమ్ ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది, కానీ అదే బుడిపెలో ఉన్న బాక్టీరియా శ్వాసించాలంటే ఆక్సిజన్ కావాలి. ఈ చిక్కును విప్పేది లెగ్‌హీమోగ్లోబిన్. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి బంధువైన ఆ ప్రొటీన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచి, అవసరమైన మేరకే అందిస్తుంది. బాగా పనిచేస్తున్న బుడిపెను కోసి చూస్తే లోపల గులాబీరంగు కనిపించేది అందువల్లే. పని ఆగిన బుడిపె ఆకుపచ్చగానో గోధుమరంగుగానో మారుతుంది. ఉపోద్ఘాతంలో ఈ పేజీలు చదువుతున్నప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యాన్ని దాచుకోవలసిన అవసరం కనిపించడం లేదు; ఇన్నేళ్లుగా ఆమె చెబుతూ వచ్చిన "నాడ్యూల్స్" అనే మాట వెనక ఇంత అందమైన ఏర్పాటు ఉంది.

నేల ఉప్పుబారినప్పుడు ఈ పొత్తులో ముందుగా చేతులెత్తేసేది ఎవరు, మొక్కా, బాక్టీరియానా? ఆమె థీసిస్ అడిగిన ప్రశ్న ఇదే. బాక్టీరియా చాలావరకు తాము ఆశ్రయించే మొక్కకన్నా ఎక్కువ ఉప్పును తట్టుకోగలవని ఇదివరకే తెలుసు. ఆమె ఎంచుకున్న మొక్కలోనూ అదే కనిపించింది: బాక్టీరియా నిక్షేపంగా పెరుగుతున్న ఉప్పు మోతాదులోనే వేర్ల మీద బుడిపెలు రావడం తగ్గిపోయింది. అయితే తగ్గుదల ఏ దశలో మొదలవుతుందో, ఏర్పడిన బుడిపెలోపల ఏం జరుగుతుందో ఓపికగా, దశలవారీగా చూపించడమే ఆమె చేసిన పని. పెద్ద ప్రశ్నలో ఒక చిన్న ముక్కకు నమ్మదగిన జవాబు అది. డాక్టరేట్ అంటే లోకాన్ని తలకిందులు చేసే సిద్ధాంతమై ఉండాలని బయటివారు అనుకుంటారు కానీ, తరువాత వచ్చేవారు నిలబడి పని చేసుకోవడానికి గట్టి నేల కావాలంటే ఇలాంటి ముక్కలే పోగుపడాలి.

నా వంతుకు వచ్చింది పరిశోధన పద్ధతుల అధ్యాయం. అందరూ వద్దనుకున్న అధ్యాయమది. నాకు మాత్రం అందులోనే మా స్నేహితురాలు ఎక్కువగా కనిపించింది. ఒక్క నత్రజని అణువును అమ్మోనియాగా మార్చడానికి బాక్టీరియా కణానికి శక్తినిచ్చే, భాస్వరం ఉండే ఏటీపీ అణువులను కనీసం 16 ఖర్చు చేస్తుంది కాబట్టి బుడిపెలలో భాస్వరం లెక్క తేల్చడం కూడా ఆమెకు అవసరమైంది. ఆ లెక్కకు వాడిన పద్ధతి దగ్గర "ఫిస్కే, సుబ్బారో, 1925" అని చూసి కాసేపు ఆగిపోయాను. మన యల్లాప్రగడ సుబ్బారావు గారే ఆ సుబ్బారో. హార్వర్డ్‌లో ఆయనకు పీహెచ్‌డీ వచ్చింది 1930లో. అంటే తాను ఇంకా పట్టా అందుకోని రోజుల్లో రూపొందించిన పద్ధతి ఇన్ని దశాబ్దాల తరువాత మా స్నేహితురాలి బల్ల మీద పనిచేసింది.

అదే అధ్యాయంలో మరొక వాక్యం ఉంది: "మొదటి సమూహపు మొక్కలను ఫలితాల లెక్కలోకి తీసుకోలేదు." చదివే పరీక్షకులకు అది మామూలు వివరణ. నాకు ఆ వాక్యం వెనక ఒక సంవత్సరం కనిపించింది. ఇటువంటి ప్రయోగాల్లో కొన్ని మొక్కలకు కావాలనే బాక్టీరియాను ఇవ్వకుండా పోలిక కోసం పక్కన పెంచుతారు; వాటి వేర్లకు బుడిపెలు రాకూడదు. వచ్చాయంటే నీటిలోనో ఇసుకలోనో ఎక్కడో బయటి బాక్టీరియా చేరిందని అర్థం, అప్పుడు మొత్తం సమూహాన్నే పక్కన పెట్టవలసి ఉంటుంది. నెలల తరబడి పెంచిన మొక్కలను పీకి చూసినప్పుడు పోలిక మొక్కల వేర్ల నిండా బుడిపెలు కనిపించిన సంగతి ఆమె నాకు ఫోనులో చెప్పిన తీరు ఇప్పటికీ గుర్తుంది. ఏడవలేదు, ఎవరినీ నిందించలేదు. కుండీలన్నీ కడిగి మళ్లీ మొదలుపెడతానని చెప్పింది. ఆ లోపం ఎవరికీ తెలియకుండా ఆ మొక్కల అంకెలను పట్టికలో చేర్చే వీలు ఆమెకు లేకపోలేదు. చేర్చలేదు. ఆ ఏడాదిలోనే మాలో కొందరికి పదోన్నతులు వచ్చాయి, కొందరు కొత్త ఇళ్లలోకి మారారు. ఆమె కలిసినప్పుడల్లా మా సంతోషాల్లో పాలుపంచుకొని, తన గురించి అడిగితే "జరుగుతోంది" అని ఊరుకునేది. ఆమె పేరు ముందు చేరబోయే "డాక్టర్" అన్న మాటకన్నా ఆ ఒక్క వాక్యమే నాకు ఎక్కువ గౌరవం కలిగించింది.

వైవాకు మమ్మల్ని కూడా కూర్చోనిచ్చారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకులు సౌమ్యంగానే మాట్లాడారు కానీ ప్రశ్న మాత్రం పదునైనది. నైట్రోజనేజ్ పనితనాన్ని ఎసిటిలీన్ పద్ధతితో కొలిచారు; ఎంజైమ్ ఎసిటిలీన్‌ను ఎథిలీన్‌గా మార్చిన వేగాన్ని బట్టి మొక్కకు అందిన నత్రజని ఇంత అని ఎలా చెప్పగలరు, అని ఆయన అడిగారు. ఆమె తొందరపడలేదు. ఆ పద్ధతి కొలిచిన క్షణంలో ఎంజైమ్ చురుకుదనాన్ని మాత్రమే చూపిస్తుందనీ, దాని నుంచి మొత్తం నత్రజనిని లెక్కకట్టే సాహసం తాను చేయలేదనీ, అందుకే మొక్కలోని మొత్తం నత్రజనిని కెల్డాల్ పద్ధతిలో విడిగా కొలిచి పక్కనే ఇచ్చాననీ, రెండూ ఒకే దిశను చూపినచోట మాత్రమే నిర్ధారణగా రాశాననీ చెప్పింది. తన పని ఎక్కడిదాకా నిలుస్తుందో, ఎక్కడ నిలవదో తెలిసిన మనిషి మాట్లాడే తీరు అది. పరీక్షకులు తలపంకించి పేజీ తిప్పారు. ఒక పట్టికలో ప్రమాణాల విషయమై చిన్న సవరణ మాత్రం సూచించారు.

పరిశోధకుల జీవితంలో ఒక మంచి పాఠకుడి విలువ ఎంతటిదో చరిత్రలో చాలాచోట్ల కనిపిస్తుంది. 1924లో లూయీ ద బ్రోయ్ పారిస్‌లో సమర్పించిన థీసిస్, పదార్థానికి కూడా తరంగ స్వభావం ఉంటుందని ప్రతిపాదించింది. దాని ప్రతిని ఆయన ఆచార్యులు లాంజెవిన్ ఐన్‌స్టీన్‌కు పంపారు. ఐన్‌స్టీన్ మెచ్చుకోవడంతో ఆ ఆలోచన మీద భౌతికశాస్త్రవేత్తల దృష్టి పడింది, 1929లో ద బ్రోయ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. 1925లో సెసీలియా పేన్ అనుభవం వేరు. నక్షత్రాల్లో హైడ్రోజన్, హీలియం అపారంగా ఉన్నాయని ఆమె థీసిస్ లెక్క తేల్చింది. అది నమ్మశక్యం కాదని నాటి ప్రముఖ ఖగోళ శాస్త్రవేత్త హెన్రీ నోరిస్ రసెల్ అభ్యంతరపెట్టగా, ఆ ఫలితం నిజమయ్యే అవకాశం దాదాపు లేదని ఆమె తన థీసిస్‌లోనే రాయవలసి వచ్చింది. నాలుగేళ్లకు రసెల్ వేరే దారిలో అదే నిర్ధారణకు వచ్చారు. ఫిన్లండ్‌లో థీసిస్‌ను బహిరంగంగా ప్రశ్నించే పండితుణ్ణి ప్రత్యర్థి అనే పిలుస్తారు. వాదం ముగిసిన సాయంత్రం కొత్త డాక్టర్ ఇచ్చే విందు ఆ ప్రత్యర్థి గౌరవార్థమే జరుగుతుంది. తన పుస్తకాన్ని అందరికన్నా శ్రద్ధగా చదివిన మనిషికి పెద్దపీట వేయడంలో ఎంతో ఔచిత్యం ఉందని నాకు అనిపిస్తుంది.

ఇంగేబోర్గ్ రాపోపోర్ట్ కథ చదివినప్పుడు మాత్రం నాకు కళ్లు చెమర్చాయి. ఆమె 1938లో హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో డిఫ్తీరియా మీద థీసిస్ రాశారు. తల్లి యూదు వంశస్థురాలు కావడంతో నాజీ ప్రభుత్వం ఆమెను మౌఖిక పరీక్షకు అనుమతించలేదు. ఆమె అమెరికాకు వెళ్లి వైద్యవిద్య పూర్తి చేశారు, ఆ తరువాత తూర్పు జర్మనీలో పేరున్న శిశువైద్య నిపుణురాలయ్యారు. 2015లో, ఆమెకు 102 ఏళ్ల వయసులో, హాంబర్గ్ ఆచార్యులు ఇంటికి వచ్చి ఆ మౌఖిక పరీక్ష నిర్వహించి డాక్టరేట్ ఇచ్చారు. గౌరవ పట్టా కాదు, పరీక్ష నెగ్గి తీసుకున్న పట్టా. అప్పటికి ఆమెకు చూపు బాగా తగ్గిపోయింది. డిఫ్తీరియా పరిశోధనలో ఆ మధ్యకాలంలో వచ్చిన మార్పులను ఇంటర్నెట్‌లో వెతికి ఆమెకు చెప్పినవారు స్నేహితులే.

మా సాయంత్రం అంత గొప్పదేమీ కాదు, కానీ నిండుగా గడిచింది. న్యాయవాది మిత్రుడు ఆధారాల బలాబలాల గురించి అడిగాడు. బ్యాంకు ఉద్యోగి పట్టికలన్నీ కూడికలతో సహా సరిచూసి వచ్చింది, పరీక్షకులు పట్టుకున్న పొరపాటునే తానూ గుర్తించానని చెబితే అందరం చప్పట్లు కొట్టాం. భాషా ఉపాధ్యాయురాలు మూడో అధ్యాయంలోని ఒక పేరాను బిగ్గరగా చదివి, క్లిష్టమైన విషయాన్ని ఇంత తేటగా రాయడం తన విద్యార్థులకు చూపిస్తానని చెప్పింది. మా స్నేహితురాలు ప్రతి ప్రశ్నకూ పరీక్షకులకు చెప్పినంత శ్రద్ధతోనే సమాధానం చెప్పింది. అలసట ముఖంలో కనిపిస్తూనే ఉన్నా మాట ఆగలేదు. ఇన్నేళ్లలో తన పని గురించి ఆమె మాతో అంతసేపు మాట్లాడడం అదే మొదటిసారి.

చివర్లో న్యాయవాది మరొక ప్రశ్న వేశాడు: ఉప్పునీటికి పని ఆపేసిన బుడిపెకు మళ్లీ మంచినీరు పెడితే దానికి గులాబీరంగు తిరిగి వస్తుందా? ఆమె కాసేపు ఆలోచించి, తన మొక్కల్లో అది తాను కొలవలేదని చెప్పింది. ఆ తరువాత పక్కనున్న కాగితం తీసుకొని ఎన్ని కుండీలు కావాలో, ఎన్ని రోజుల వ్యవధితో బుడిపెలు కోసి చూడాలో రాసుకోవడం మొదలుపెట్టింది. సవరణలు సమర్పించిన వెంటనే ఆ ప్రయోగానికి అనుమతి అడుగుతానని నిన్న ఫోనులో చెప్పింది. ఈసారి మొక్కలు పెట్టేటప్పుడు ఇసుక కడగడానికి మేమూ వస్తామని మాట ఇచ్చాం.