వినైల్ ఫ్లోరింగ్‌లో పువ్వు పొదిగించుకున్నాం: నా అనుభవం

హాలు మధ్యలో ఎనిమిది రేకుల పువ్వు, చుట్టూ సన్నటి రింగు, గోడల వెంబడి ముదురు రంగు బోర్డరు. నేను అనుకున్నది ఇదీ. ప్రింటు వేసిన షీటు కాదు, వేరు వేరు రంగుల షీట్లను కోసి ఒకదానిలో ఒకటి పొదగడం. గీసుకున్నంత తేలిగ్గా కోయలేమని పని మొదలయ్యాకే తెలుస్తుంది.

మెటీరియల్ దగ్గర పెద్దగా ఆలోచించలేదు. పైనుంచి అడుగుదాకా ఒకే రంగు ఉండే 2 మి.మీ. హోమోజీనియస్ షీటు తీసుకున్నాం. అడుగున ఫోమ్ ఉండే మెత్తటి రకం పొదగడానికి పనికిరాదు. కాలు పడినచోట అణిగి అతుకు విడుతుంది. గమ్ లేకుండా ఒకదానికొకటి క్లిక్ చేసుకునే పలకలూ కుదరవు, ఆ ఫ్లోరు మొత్తంగా కదులుతూ ఉంటుంది. ఇంకో సంగతి, మూడు రంగులూ ఒకే మందం ఉండాలి. అర మిల్లీమీటరు తేడా కంటికి కనబడకపోయినా అరికాలికి తెలుస్తుంది, ఆ అంచున మురికి చేరుతుంది.

పువ్వును లేజర్‌తో కోయిద్దామని అడిగితే మెషీన్ అతను వెంటనే వద్దన్నాడు. వినైల్ అంటే పీవీసీ అనే ప్లాస్టిక్, అందులో క్లోరిన్ ఉంటుంది. లేజర్ వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులకు హాని, మెషీన్‌కూ తుప్పు. అందుకే వాటర్‌జెట్‌లో కోయించాం. ఒత్తిడితో వచ్చే నీటిధార కాబట్టి అంచు కాలదు, కరగదు.

అక్కడికి ఫైల్ పంపేముందు మేస్త్రీ నా బొమ్మ చూసి, "అమ్మా, ఈ మొనలు నిలవవు" అన్నాడు. రేకు చివర సూదిలా ఉంటే గమ్ పట్టుకోవడానికి అక్కడ చోటే ఉండదు. తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ ఆ మొనే ముందు లేస్తుంది. ఎనిమిది రేకులూ ఒకే బిందువు దగ్గర కలవడం ఇంకా కష్టం, వెంట్రుకంత తేడా వచ్చినా అందరి కళ్లూ అక్కడికే పోతాయి. అందుకని మొనలు కాస్త గుండ్రం చేసి, మధ్యలో చిన్న వృత్తం పెట్టాను. నిజం చెప్పాలంటే పువ్వు మునుపటికంటే బాగుంది.

అసలు టెన్షన్ మాత్రం పువ్వు ఎక్కడ పెట్టాలన్నదే. ఏ గదీ కచ్చితమైన చతురస్రం కాదు. సుద్ద దారం కొట్టి, 3-4-5 కొలతతో (మూల నుంచి ఒక వైపు 3, ఇంకో వైపు 4 అడుగులు కొలిస్తే ఆ రెండు చివరల మధ్య 5 రావాలి) మూలమట్టం చూస్తే మా హాల్లో ఒక గోడ మూలకు సరిగ్గా లేక పక్కకు వాలి ఉందని తేలింది. కొలతల ప్రకారం వచ్చిన మధ్యలో పెడితే గుమ్మంలోంచి చూసేవాళ్లకు పువ్వు పక్కకు జరిగినట్టే ఉంటుంది. పైగా సోఫా కొంత మేర మింగేస్తుంది. పువ్వు సైజు కాగితం కోసి నేల మీద పరిచి, గుమ్మం దగ్గర నిలబడి, సోఫాలో కూర్చుని చూశాం. చివరికి సోఫా పోగా మిగిలే ఖాళీకి మధ్యలో, గుమ్మానికి ఎదురుగా ఖాయం చేశాం. కంటికి మధ్యలో ఉంటే చాలు, టేపుకు కాదు. బోర్డరు మాత్రం వాలు గోడ పక్కన ఒకే వెడల్పు ఉంచి, ఆ తేడాను గోడవైపు అంచులోకి నెట్టేశాడు మేస్త్రీ.

గచ్చు గురించి క్లుప్తంగా చెబుతాను. 2 మీటర్ల పట్టీ పెడితే కింద 3 మి.మీ. మించి సందు కనిపించకూడదంటారు, పొదిగే చోట ఇంకా నయంగా ఉండాలి. పాత టైల్స్ గీతలు వినైల్ మీద ఉబికి కనబడతాయి కాబట్టి గచ్చును సమం చేసే లెవలింగ్ కాంపౌండ్ పోయించాం. గచ్చులో తేమ ఉంటే ఆరేదాకా ఆగడమే మంచిది, లేకపోతే గమ్ పట్టదు. షీట్లను కూడా ఒక రోజు ముందే ఆ గదిలో విప్పి ఉంచాలి.

పొదగడం చూడముచ్చటగా జరిగింది. హాలు షీటు అతికించేటప్పుడు పువ్వు వచ్చే చోట గమ్ రాయలేదు. పువ్వు ముక్కలన్నీ పైనుంచి మాస్కింగ్ టేపుతో కలిపి, ఆ షీటు మీద పెట్టి, కదలకుండా పట్టుకుని, రింగు అంచు వెంట బ్లేడు నిలువుగా నడిపించాడు మేస్త్రీ. బ్లేడు మొద్దుబారకముందే మార్చేస్తుండేవాడు. కోసిన ముక్క తీసేసి, అక్కడ గమ్ రాసి, పువ్వు దించితే గోరు కూడా దూరలేదు. బోర్డరుకు రెండు షీట్లూ ఒకదానిపై ఒకటి వేసి కలిపి కోశాడు. అంతా అయ్యాక 45 కిలోల రోలరుతో మధ్యలోంచి బయటికి నొక్కాం, ఇరుక్కున్న గాలి పోవడానికి.

అతుకులు మర్నాటికిగానీ మూయలేదు, గమ్ పట్టాలి కదా. తిన్నగా సాగే బోర్డరు అతుకులకు గాడి తీసి, వేడిగాలి గన్‌తో వినైల్ కడ్డీ కరిగించి నింపాడు. మిగులును రెండు దఫాలుగా చెక్కాలి: వేడిగా ఉన్నప్పుడు పైపైన, పూర్తిగా చల్లారాక సమానంగా. ఒకేసారి చెక్కేస్తే చల్లారాక అక్కడ పల్లం పడుతుంది. పువ్వు వంపులకు మాత్రం సూది ట్యూబులోంచి పోసే, వేడి లేకుండానే అంచులను కలిపే కోల్డ్ వెల్డ్ ద్రవం వాడాం. ఘాటు వాసన, మంట అంటుకునే గుణం ఉంది. కిటికీలన్నీ తెరిచి, స్టవ్ ఆర్పించి మరీ చేయించాను.

ఇప్పుడు ఆ పువ్వు మీద రబ్బరు అడుగున్న మ్యాట్ ఎవరూ వేయకుండా చూసుకుంటున్నాను. రబ్బరు వినైల్‌పై పసుపు మరక వదులుతుంది, అది తుడిస్తే పోదు. మూడు రంగుల్లోనూ మిగిలిన ముక్కలు చుట్టి దాచాను, వాటర్‌జెట్ ఫైల్ కూడా ఉంది. ఏ రేకైనా పాడైతే ఆ ఒక్కటే మార్పించుకోవచ్చు.