వారి యిబ్బందిలో

మొన్న క్రిస్మస్‌కు ముందు వారం కర్నూలులో మా సంఘం తరఫున ఒక పిల్లల ఆశ్రమానికి వెళ్ళాం. ఆటోలో కేకు, రెండు బస్తాల బియ్యం, దుప్పట్లు, అన్నిటికంటే పైన బ్యానరు. మేము గేటు దాటగానే పిల్లలు ఎవరూ చెప్పకుండానే పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనుక వరుసకట్టి నిలబడ్డారు. ఫొటో కోసం! కేకు ముక్క చేతిలో పెడితే ఒక పాప తినకుండా పట్టుకొని నిలుచుంది. "తిను తల్లీ" అన్నాను. "ఈ రోజు ఇది నాలుగోది తాతయ్యా" అంది.

ఆ రాత్రి బైబిల్లో యాకోబు రాసిన పత్రిక తెరిచాను. మొదటి అధ్యాయం 27వ వచనం మనలో కంఠతా రానివారు ఉండరు. "దిక్కులేని పిల్లలను విధవరాండ్రను వారి యిబ్బందిలో పరామర్శించుట" అని ఉంది. దీని మీద నేను విన్న ప్రసంగాలన్నీ 'దిక్కులేని పిల్లలు' అన్న మాట దగ్గరే కరిగిపోతాయి, వెంటనే కానుక సంచి తిరుగుతుంది. ఆ రోజు నా కన్ను మాత్రం మధ్యలోని రెండు చిన్న మాటల మీద పడింది. వారి యిబ్బందిలో. మన పండుగలో అనలేదు యాకోబు. మన పుట్టినరోజున, మన పెళ్ళిరోజున అనలేదు. ఎప్పుడు వెళ్ళాలో చెప్పేది వాళ్ళ కష్టం.

పరామర్శ అంటే మనకు చావింటికి వెళ్ళి పది నిమిషాలు కూర్చొని లేచి రావడం. నాయకులు వెళితే పత్రికలో పడేదీ పరామర్శే. గ్రీకులో అక్కడ ఉన్న మాట ఎపిస్కెప్టొమాయి. "రోగినై యుంటిని, నన్ను చూడవచ్చితిరి" అని మత్తయి 25లో ప్రభువు అన్నదీ అదే మాట. (బిషప్ అన్న పేరు కూడా ఈ వేరు నుంచి పుట్టిందే. ఈ సంగతి చెబితే మా పాస్టరుగారు నవ్వి ఊరుకున్నారు.) లూకా మొదటి అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను తండ్రి జెకర్యా, దేవుడు "తన ప్రజలకు దర్శనమిచ్చి" అని స్తుతించినప్పుడూ అదే మాట. ఆ దర్శనం ఎలాంటిది? బ్యానరు కట్టి, గంటసేపు ఉండి వెళ్ళిన దర్శనమా? పశువుల తొట్టెలో పడుకొని, వడ్రంగి ఇంట్లో పెరిగిన దర్శనం అది.

ఆ వడ్రంగి మాత్రం కన్నతండ్రా? తనది కాని బిడ్డకు యోసేపు పేరు పెట్టాడు. హేరోదు రాజు చంపజూసినప్పుడు ఆ బిడ్డను ఎత్తుకొని ఐగుప్తుకు బయలుదేరాడు. "రాత్రివేళ" అని రాశాడు మత్తయి. తెల్లవారనీ, చూద్దాం అనుకోలేదు యోసేపు. ప్రతి డిసెంబరులో నాటకం వేయించి, తలకు తువ్వాలు చుట్టి ఒక పక్కన నిలబెట్టే ఆ యోసేపు ఒక్కమాటైనా మాట్లాడడు. క్రిస్మస్ కథలో ఈ వచనాన్ని నెరవేర్చినవాడు అతడే.

మన ఉమ్మడి కర్నూలు జిల్లాలో కథ కూడా ఉంది. 1866 నాటి కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టాడు. ఆయన క్రైస్తవుడు కాడు. కానీ కరువు వచ్చినప్పుడే పెట్టాడు.

డిసెంబరులో నాలుగు కేకులు సరే. జూన్‌లో బడి తెరిచేటప్పుడు నోటు పుస్తకాలకు ఎవరు వెళ్ళారు? వానాకాలంలో జ్వరంతో పెద్దాసుపత్రిలో చేరిన పిల్లవాడి మంచం పక్కన రాత్రి ఎవరు కూర్చున్నారు? పద్దెనిమిదేళ్ళు నిండి, ఒక్క సంచితో గేటు బయటికి వచ్చిన రోజు ఎదురు వెళ్ళింది ఎవరు?

ఈ ఆఖరి ప్రశ్న అడగడానికి నాకు అర్హత లేదు. కొన్నేళ్ళ క్రితం నా ఆదివారపు బడిలో చదివిన అబ్బాయి అలాగే బయటికి వచ్చి నాకు ఫోను చేశాడు. గది దొరికేవరకు నాలుగు రోజులు ఉండడానికి చోటు కావాలన్నాడు. ఇంట్లో మనవళ్ళు వచ్చి ఉన్నారు. "ప్రార్థన చేస్తాను నాయనా" అన్నాను. చేశాను కూడా. అదే యాకోబు రెండో అధ్యాయంలో "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి" అన్నవారిని చదివినప్పుడల్లా నా గొంతే వినిపిస్తుంది.

దత్తత సంగతి. మన పెద్దలకు ఒక సాకు ఉండేది. 1956 నాటి దత్తత చట్టం హిందువులు, సిక్కులు, బౌద్ధులు, జైనులకే. మనకు 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద సంరక్షకులుగా ఉండడమే, అదీ బిడ్డ మేజరు అయ్యేవరకే. బాలల న్యాయ చట్టం వచ్చాక ఆ సాకు పోయింది. ఇప్పుడు క్రైస్తవులు చట్టప్రకారం తల్లిదండ్రులు కావచ్చు, 2022 సెప్టెంబరు నుంచి ఉత్తర్వు కలెక్టరే ఇస్తారు. దరఖాస్తు కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ 'కారా' ద్వారానే చేయండి. ఆసుపత్రిలో ఎవరో ఇచ్చారని, బాండు కాగితం మీద రాసుకున్నామని బిడ్డను తెచ్చుకోకండి, అది నేరం. పసిబిడ్డే కావాలి, తెల్లగా ఉండాలి అనే జంటలను ఎందరినో చూశాను. దత్తపుత్రాత్మను పొందితిరని పౌలు రోమీయులకు రాశాడే, దేవుడు మన రంగు చూశాడా, వయసు అడిగాడా?

అందరూ దత్తత తీసుకోలేరు, ఒప్పుకుంటాను. యాకోబు పిల్లల పక్కనే విధవరాండ్రను ఎందుకు పెట్టాడో చూడండి. ఆశ్రమాల్లో చాలామంది పిల్లలకు తల్లి ఉంది, పెంచే స్తోమత లేదు. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద అలాంటి ఇంట్లోని బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. ఆ కాగితాలు నింపిపెట్టి, ఆ తల్లి వెంట ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు కావాలి. బిడ్డ ఇంట్లోనే పెరుగుతాడు.

మే చివరి ఆదివారం ఆరాధన అయ్యాక గుడి ఆవరణలో వేపచెట్టు కింద కూర్చుంటాను. ఆశ్రమంలో పిల్లలు ముప్పై ఒక్కరు, ఎవరిది ఏ తరగతో రాసి పెట్టుకున్నాను. ఒక్కొక్క పేరు పక్కన ఒక ఇంటిపేరు కావాలి. సంవత్సరమంతా, జ్వరమొచ్చినా ఫీజు కట్టాల్సి వచ్చినా ఫోను ఎత్తే ఇల్లు. ఆ నాలుగో కేకు పాప మూడో తరగతికి వెళుతోంది. ఆమె పేరు పక్కన మా ఇంటిపేరు రాసేశాను. మిగిలినవి ముప్పై.