వేరే రంగు జెర్సీ

మన స్కూల్ సావనీర్‌కి ఎవరైనా రాయండి అని మన బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో అడిగినప్పుడు అందరూ లెక్కల సార్ గురించి, హెడ్మిస్ట్రెస్ గారి బెత్తం గురించి రాస్తారులే అని నేను వాలీబాల్ మేడమ్ గురించి రాస్తానని చెప్పేశా. తీరా మేడమ్‌కి ఫోన్ చేస్తే "రాస్కో గానీ నా పేరు వెయ్యకు, నేనేమన్నా ఒలింపిక్స్ ఆడొచ్చానా" అన్నారు. అందుకని మేడమ్ అనే రాస్తున్నా. పొద్దున ఐదున్నరకి గ్రౌండ్‌లో విజిల్ విన్న ఆడపిల్లలెవరికైనా ఎవరి గురించో వేరే చెప్పక్కర్లేదు.

మేడమ్ మన స్కూల్ టీచర్ కాదని చాలామందికి తెలీదు. ఆమెది సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగం, స్పోర్ట్స్ కోటాలో వచ్చింది. పొద్దున మాతో గంటన్నర గ్రౌండ్‌లో ఉండి, అక్కడే స్టాఫ్ రూమ్‌లో చీర కట్టుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బస్సెక్కి రైల్ నిలయం పోయేవారు. స్కూల్ వాళ్ళు ఇచ్చేది బస్సు చార్జీలకి కూడా సరిపోయేది కాదని మా అమ్మ అనేది, నిజమో కాదో నేనెప్పుడూ అడగలేదు.

మేడమ్‌ది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. ఆ వైపు వాలీబాల్ అంటే ఎంత పిచ్చో అటువాళ్ళకి తెలుసు, సాయంత్రమైతే ఊరి మధ్యలో నెట్ కట్టాల్సిందే. మేడమ్ వాళ్ళ అన్నలు ఆడుతుంటే ఈవిడ పని గడ్డివాము వెనకాల పడ్డ బంతి తెచ్చివ్వడం. బంతి కింద పడ్డాక తేవడం కన్నా పడకముందే అందుకుంటే పరుగు తగ్గుతుంది కదా అని లైన్ పక్కనే నిలబడి చేతులు చాపేదంట. ఆట అలా వచ్చిందని నవ్వుతూ చెప్పేవారు. తర్వాత స్కూల్ టీమ్, జిల్లా, యూనివర్సిటీ, స్టేట్, ఆ మీద రైల్వే ఉద్యోగం. సౌత్ సెంట్రల్ రైల్వే తరఫున ఇంటర్ రైల్వే ఆడారు, రెండుసార్లు ఇండియన్ రైల్వేస్ క్యాంప్ దాకా వెళ్ళారు. ఇంత కెరీర్‌నీ మాకు ఒక్కరోజు కూర్చోబెట్టి చెప్పింది లేదు, అక్కడో ముక్క ఇక్కడో ముక్క, షూ లేసులు కట్టుకుంటున్నప్పుడు, వాన పడి చెట్టు కింద నిలబడ్డప్పుడు. 1986లో మన మగవాళ్ళ టీమ్ సియోల్ ఏషియన్ గేమ్స్‌లో కాంస్యం తెచ్చిన వార్త రేడియోలో విని హాస్టల్ అమ్మాయిలంతా మంచాలెక్కి గెంతారంట, ఒక మంచం విరిగిందంట, ఆ డబ్బులు అందరి దగ్గరా తలా ఇంత వసూలు చేశారంట. ఇలాంటివే చెప్పేవారు.

ఇక మన గ్రౌండ్ సంగతి. అది గ్రౌండ్ కాదు, మొరం కుప్ప. అందుకే రూల్ ఏంటంటే ఒక్కొక్కరు పది రాళ్ళు ఏరి గోడ దగ్గర వేస్తే గానీ మేడమ్ సంచిలోంచి బంతి తీయరు. రోజూ ఏరినా రోజూ ఎక్కణ్ణుంచి వచ్చేవో ఆ రాళ్ళు, నాకిప్పటికీ డౌటే. ఇంకోటి ఆ వెదురు కర్ర. దానిమీద 2.24 మీటర్ల దగ్గర ఎర్ర పెయింట్ గీత, 2.43 దగ్గర నల్ల గీత. ఎర్రది ఆడవాళ్ళ నెట్, నల్లది మగవాళ్ళది. సాయంత్రం మగపిల్లలు పెద్ద హీరోల్లాగా నెట్‌ని నల్ల గీత దాకా లాగి కట్టి పోయేవాళ్ళు, వాళ్ళలో ఒక్కడికీ చెయ్యి నెట్ పైకి లేచేది కాదు అది వేరే విషయం, పొద్దున్నే మేము దాన్ని దింపుకోవాలి. కర్ర నెట్ మధ్యలో పెట్టి చూడాలి, ఎందుకంటే నెట్ మధ్యలో కుంగుతుంది, రెండు చివర్లు మధ్య కన్నా రెండు సెంటీమీటర్లు ఎత్తున్నా ఒప్పుకుంటారు గానీ అంతకు మించకూడదు. "రెండు సెంటీమీటర్లే కదా మేడమ్" అని ఒకసారి మన రైట్ సైడ్ స్మాషర్ అంది (ఎవరో మీకు తెలుసు, ఇప్పుడు డల్లాస్‌లో ఉంది), ఆరోజు దాన్నొక్కదాన్నే నాలుగుసార్లు విప్పించి కట్టించారు.

నేను పొట్టి. తొమ్మిదో తరగతిలో నాలుగడుగుల పదకొండు అంగుళాలు, ఇప్పుడు కూడా పెద్దగా మారలేదు. ఎనిమిదో తరగతంతా రిజర్వ్‌లో కూర్చున్నా, అంటే నీళ్ళ బాటిళ్ళు మొయ్యడం, స్కోర్ రాయడం. వెనక ఉన్నంతసేపు నేను బానే తీసేదాన్ని, అండర్‌హ్యాండ్ నీట్‌గా లిఫ్టర్ (స్మాషర్‌కి బంతి లేపి ఇచ్చే అమ్మాయి) తల మీదకి పోయేది, కానీ అందరూ వంతులవారీగా చోట్లు మారే రొటేషన్‌లో ముందుకొచ్చాక ఏం చెయ్యాలి, నా ముందు అవతలి పిల్ల లేస్తే నాకు ఆమె మోచేతులు కనపడేవి అంతే. మూడు పాయింట్లు అలా పోగానే మేడమ్ మార్చేసేవారు. తిట్టేవారు కాదు. అదే ఎక్కువ బాధ.

అప్పుడే రూల్స్ మారాయి. అంతకుముందు సర్వీస్ ఎవరిదైతే వాళ్ళకే పాయింట్, సెట్ 15. అవతలి వాళ్ళ సర్వీస్‌లో మనం ర్యాలీ గెలిస్తే సర్వీస్ మాత్రమే వచ్చేది, ఒక్కోసారి పది నిమిషాలు ఆడినా స్కోర్ బోర్డు కదిలేది కాదు. కొత్తగా ప్రతి ర్యాలీకీ పాయింట్, సెట్ 25, ఆఖరి సెట్ 15. సర్వీస్ నెట్‌కి కొడితే పాయింటే పోతుంది, అందుకని మేడమ్ మాతో రోజుకి వంద సర్వీసులు కొట్టించారు, అవన్నీ ఇప్పుడు ఎందుకులే. దాంతోపాటే 1998లో ప్రపంచంలో లిబెరో అని ఒకటి పెట్టారు, అంటే వెనక వరసలో మాత్రమే ఆడే ప్లేయర్, అది మన స్కూల్ మ్యాచ్‌ల దాకా రావడానికి ఇంకొంచెం టైమ్ పట్టింది. ఒకరోజు మేడమ్ కొత్త రూల్స్ జిరాక్స్ కాగితాల కట్ట తెచ్చి నన్ను పక్కకి పిలిచారు.

"ఏమ్మాయ్, నీకు సర్వీస్ లేదు. బ్లాక్ లేదు. నెట్ పైన చెయ్యి లేపి కొట్టడం లేదు. ముందుకి రావడమే లేదు."

నాకు ఏడుపొచ్చింది, టీమ్‌లోంచి తీసేస్తున్నారేమో అనుకున్నా. "మరి నాకేముంది మేడమ్" అన్నా.

"కింద పడబోయే ప్రతి బంతీ నీదే."

తర్వాత సంచిలోంచి ఒక నీలం జెర్సీ తీసి ఇచ్చారు. లిబెరో మిగతావాళ్ళకన్నా వేరే రంగు వెయ్యాలి, స్కూల్ వాళ్ళని ఒక్కదాని కోసం ఇంకో జెర్సీ కొనమంటే కొనరు, అందుకని తన పాత రైల్వే జెర్సీ తెచ్చారు. ఉతికి ఉతికి మెడ దగ్గర తెల్లబడిపోయింది, నంబర్ సగం ఊడిపోయింది, మోకాళ్ళ దాకా వేలాడేది, టక్ చేస్తే నిక్కరు ఉబ్బి బెలూన్‌లా ఉండేది. క్లాసంతా ఒక వారం నవ్వారు.

ఆ జెర్సీతో మొదటి మ్యాచ్ చాదర్‌ఘాట్ విక్టరీ ప్లేగ్రౌండ్‌లో. నేను కోర్టులోకి అడుగుపెట్టగానే టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దాయన విజిల్ ఊది "ఈ పిల్ల డ్రెస్ వేరే ఉంది, నడ్వదు, బయటికి పంపుండ్రి" అన్నాడు. అవతలి స్కూల్ సార్ కూడా వంత పాడాడు. మేడమ్ అరవలేదు. నడుచుకుంటూ వెళ్ళి జిరాక్స్ కాగితం టేబుల్ మీద పెట్టి, వేలితో లైన్ లైన్‌గా చదివించారు ఆయనతోనే, పైకి. గేలరీలో వాళ్ళంతా వింటున్నారు. ఆయన చదవడం అయ్యాక చాయ్ తెప్పించుకున్నాడు, నేను ఆడాను. మ్యాచ్ ఓడిపోయాం అనుకోండి, మూడో సెట్‌లో 15-13. కానీ ఆ సెట్‌లో ఒక బంతి, వాళ్ళ స్మాషర్ క్రాస్ కొట్టింది, నేను ఎలా పడ్డానో తెలీదు, చెయ్యి వెనక్కి తిప్పి పిడికిలి మీద లేపా, మోచెయ్యి దోక్కుపోయింది, లేచి చూస్తే బంతి ఇంకా గాల్లోనే ఉంది. ఆ పాయింట్ మాదే. బెంచ్ వైపు చూస్తే మేడమ్ చప్పట్లు కొట్టట్లేదు, తన కుడి మోకాలి మీద చెయ్యేసుకుని అలా చూస్తున్నారు.

ఆ మోకాలి గురించి తర్వాతెప్పుడో తెలిసింది. మేడమ్ కూడా పొట్టే, ఐదడుగుల రెండు. వెనక వరసలో ఆమెని మించి తీసేవాళ్ళు లేరని అప్పటి వాళ్ళంటారు, కానీ ముందుకి రావాలి కదా, కాబట్టి క్యాంప్‌లో రెండుసార్లూ రిజర్వే. మూడోసారికి ఎలాగైనా బ్లాక్‌లో లేవాలని సిమెంట్ కోర్టు మీద రోజూ జంప్‌లు ప్రాక్టీస్ చేశారు, ఒకరోజు దిగడంలో మోకాలు లోపల టప్‌మంది. అప్పట్లో స్కానింగులు, ఆపరేషన్లు అందరికీ ఎక్కడివి, కట్టు కట్టి పడుకోమన్నారు. లేచేసరికి ఆట అయిపోయింది. ఉద్యోగం మిగిలింది. ఆ తర్వాత కోచ్‌లకి ట్రైనింగ్ ఇచ్చే ఎన్ఐఎస్ వాళ్ళ ఆరు వారాల కోర్సు చేసి, మన స్కూల్ గేటు దగ్గరికి తనంతట తానే వచ్చి అడిగారంట, పొద్దున గ్రౌండ్ ఖాళీగానే ఉంటుంది కదా అని.

నేను లెక్క వేసుకుంది చాలా ఏళ్ళకి, మా పాపని ఎత్తుకుని టీవీలో ఏదో మ్యాచ్ చూస్తున్నప్పుడు. లిబెరో రూల్ ఒక పదేళ్ళు ముందొచ్చి ఉంటే మేడమ్ ఆ జంప్‌లు చెయ్యాల్సిన పనే లేదు. ఆ మాట ఆమె ఎప్పుడూ అనలేదు, నేనూ అడగలేదు. 2016లో సింధు రియోలో రజతం గెల్చినరోజు ఫోన్ చేస్తే, ఊరంతా బ్యాడ్మింటన్ బ్యాడ్మింటన్ అంటుంటే ఈవిడ మాత్రం "అమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ వాళ్ళేనే, రమణ ఆ సియోల్ టీమ్‌లో ఆడినాయన, ఆ పిల్ల ఎత్తు చూడు, జంప్ చూడు" అని అరగంట. ఎత్తు చూడు అన్నప్పుడు నాకు ఒక్క క్షణం ఏదోలా అనిపించింది.

పోయిన సంక్రాంతికి మౌలాలిలో వాళ్ళింటికి వెళ్ళా. రిటైర్ అయ్యారు, మోకాలికి బెల్టు, మెట్లు ఒక్కొక్కటే దిగుతారు. పెరట్లో బీరపాదు వేశారు. పందిరికి ఒక మూల ఆసరాగా వెదురు కర్ర పెట్టి ఉంది, ఎర్ర గీత సగం చెరిగింది, నల్ల గీత మీదుగా తీగ పాకింది. నేను దాన్నే చూస్తుంటే మేడమ్ వెనక నుంచి అన్నారు:

"కర్ర సంగతి సరే. నా జెర్సీ ఏదమ్మాయ్? ఇరవై ఏళ్ళు దాటింది, రిటర్న్ ఇవ్వలేదు నువ్వు."

ఉంది మేడమ్, బీరువాలో ఉంది అన్నా. మా పాపకిప్పుడు పదకొండేళ్ళు, అది వేసుకుంటే మోకాళ్ళ దాకా వస్తుంది అని కూడా చెప్పా.

"రేపు పొద్దున ఐదున్నరకి తీసుకురా దాన్ని" అన్నారు. జెర్సీనా పాపనా అని అడగబోతే లోపలికి వెళ్ళిపోయారు, చాయ్ పెట్టడానికి.